ఇరవై మంది ఆరోగ్యవంతులు

"ఆ చీజ్ రోల్ కింద పెట్టు గ్రాంట్. అది సాక్ష్యం కాదు, నాది" అంది నెట్టీ గెడిస్.

గ్రాంట్ వెల్బోర్న్ కింద పెట్టలేదు సరికదా, సగం కొరికేశాడు కూడా. ఆక్లాండ్ నుంచి నిన్ననే విమానం దిగిన మనిషి. నలగని సూటు, ముఖం చూసుకోవచ్చుననిపించే బూట్లు. పరిశోధనశాలల్లో దొంగ లెక్కలు పట్టుకోవడంలో న్యూజీలాండ్ మొత్తం మీద అతన్ని మించినవాడు లేడని ప్రతీతి. ఆ ప్రతీతిని ఊరూరా మోసుకు తిరిగేది మాత్రం అతనొక్కడే.

"రొట్టెముక్కలో చీజ్ చుట్టి, కాల్చి, ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోతారు మీ దక్షిణ దీవివాళ్ళు" అన్నాడు నములుతూ. "ఏముంది ఇందులో?"

"ఏమీ లేదు. అందుకేగా నాలుగోది తింటున్నావు."

టీ గదిలో ఉన్నవాళ్ళందరూ కప్పుల వెనక నవ్వు దాచుకున్నారు. డునెడిన్‌లోని ఆ పాథాలజీ కేంద్రంలో భవనం తగలబడుతున్నా సరే, పొద్దున టీకి గైర్హాజరయ్యేవాడు ఉండడు. ఇవాళ డైరెక్టర్ ప్రొఫెసర్ డఫ్ పుట్టినరోజు. పుట్టినరోజు ఎవరిదైతే తిండి వాళ్ళే తేవాలి కాబట్టి, రెండు పళ్ళాల చీజ్ రోల్స్ ఆ పెద్దమనిషే స్వయంగా కాల్చి తెచ్చాడు. అందరూ వచ్చారు గాని, రావలసిన మనిషి ఒకతె రాలేదు. డాక్టర్ సేలా మఫిలేఓ తన గది తలుపు వేసుకుని, తొమ్మిదేళ్ళ పనిని అట్టపెట్టెల్లోకి సర్దుకుంటోంది.

సేలా నెట్టీకి కంచె అవతలి పొరుగు. ఆదివారం తమ టాంగా దీవులవాళ్ళ చర్చి నుంచి వస్తూ వస్తూ, కొబ్బరిపాలలో ఉడికిన చేమాకుల పొట్లం ఒకటి కంచె మీంచి అందిస్తుంది. నెట్టీ కుక్క పూలమొక్కలు తవ్వితే వీధంతా వినబడేలా అరుస్తుంది. ఇవాళ పొద్దున కుక్క తవ్వుతున్నా అరవలేదు. కంచె పట్టుకుని నిలబడి, "నెట్టీ, నన్ను దొంగంటున్నారు" అని మాత్రం అంది. పోలీసు ఉద్యోగం వదిలేశాక నెట్టీ ప్రైవేటు డిటెక్టివ్‌గా తప్పిపోయిన కుక్కల్నీ, బీమా కోసం కుంటుతూ శనివారం రగ్బీ ఆడేవాళ్ళనీ పట్టుకుంటోంది. ఆ మాట వినగానే చేతిలో ఉన్న రెండు కుక్కల కేసులూ పక్కన పడేసి కారెక్కింది.

సంగతేమిటో దారిలో సేలాయే చెప్పింది. లింఫోమా అంటే ఒంటికి కాపలా కాసే గ్రంథులకే పట్టే క్యాన్సర్. గడ్డ చేతికి తగిలి, దాన్ని కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తేగాని తేలదు. కాని గడ్డ కనబడక ముందు నుంచే అది రక్తంలోకి ఒక ప్రోటీన్‌ను వదులుతుంటుంది. ట్యూమర్ మార్కర్ అంటారు దాన్ని. కొంచెం రక్తంతో దాని ఆచూకీ తీసే పరీక్ష సేలాది. జబ్బున్నవాళ్ళ రక్తంలో ప్రతిసారీ పట్టింది. ఇక మిగిలింది ఒకటే మెట్టు. ఇరవై మంది ఆరోగ్యవంతుల రక్తం తీసుకుని, "వీళ్ళకేమీ లేదు" అని ఆ పరీక్ష చేత చెప్పించాలి.

పరీక్ష మాత్రం ఇరవై మందికీ జబ్బుందని చెప్పింది. ఒక్కరు తప్పలేదు.

మధ్యాహ్నం మూడింటికి విచారణ కమిటీ కూర్చుంటుంది. సేలా ఉద్యోగం, పేరు, పరీక్ష, మూడూ ఒకే దెబ్బకు పోతాయి.

"నీ వాదన మళ్ళీ ఒకసారి వినిపించు గ్రాంట్" అంది నెట్టీ, పళ్ళెం తన వైపు లాక్కుంటూ. "కడుపు నిండింది కాబట్టి ఈసారి కాస్త ఓపిగ్గా వింటాను."

"అంకెలు చూడండి. పదికి లోపు రావలసిన చోట అరవై ఒకటి, అరవై రెండు, మళ్ళీ అరవై ఒకటి. ఇరవై మంది మనుషులు అలా బారులు తీరి నిలబడతారా? అవి యంత్రం ఇచ్చిన అంకెలు కావు. కుర్చీలో కూర్చుని కల్పించినవి."

"కల్పించేది తన పరీక్ష గెలిచేలా కల్పించుకోవచ్చుగా? దొంగ మార్కులు వేసుకునేవాడు నూటికి నూరు వేసుకుంటాడుగాని సున్నా వేసుకుంటాడా?"

"సిడ్నీలో ఒక కంపెనీ ఇలాంటి పరీక్షే అమ్మబోతోంది. దీన్ని తొక్కేయమని ఈమెను కొనేశారు."

"రుజువు?"

"మూడింటికి ఆమే ఒప్పుకుంటుంది."

"అంటే లేదన్నమాట."

గ్రాంట్ ముఖం ఎర్రబడింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? డునెడిన్‌లో తప్పిపోయిన కుక్కలన్నీ దొరికేశాయా?"

"ఒక్కటి మిగిలింది. ఆక్లాండ్ జాతిది. వాసన పట్టడం రాదుగాని ఊరికే మొరుగుతుంది."

ఈసారి ఎవరూ నవ్వు దాచుకోలేదు. ప్రొఫెసర్ డఫ్ అయితే టీ గొంతుకు అడ్డం పడి దగ్గుతూ కిటికీ వైపు తిరిగిపోయాడు. నవ్వని వాడు గదిలో ఒక్కడే. సేలా దగ్గర పనిచేసే ఫెర్గస్ లౌడన్. చీజ్ రోల్ ముట్టలేదు, కుర్చీ అంచున కూర్చుని, క్యారెట్ రసం ఉన్న గాజు జాడీని రెండు చేతులా పట్టుకుని నేల చూస్తున్నాడు. తేలు కుట్టిన దొంగ ఎలా కూర్చుంటాడో నెట్టీ పోలీసు ఉద్యోగంలో చాలాసార్లు చూసింది. అచ్చం అలాగే ఉన్నాడు.

టీ అయ్యాక ఆమె నేరుగా అతని బల్ల దగ్గరికి వెళ్ళింది.

ఫెర్గస్ అంటే ఆ భవనంలో అందరికీ ఇష్టం. ముప్పై దాటినా కుర్రతనం పోని ముఖం. డునెడిన్ కొండవాలు వీధుల్లో మిగతావాళ్ళు కార్లు మొరాయించి తిట్టుకుంటుంటే, ఇతను సైకిలు తొక్కుకుంటూ, ఈల వేసుకుంటూ ఎక్కేస్తాడు. మాంసం తినడు, పొగ తాగడు, రోజూ జాడీడు క్యారెట్ రసం తాగుతాడు. "ఈ భవనంలో వందేళ్ళు బతికేవాడు వీడొక్కడే" అని ప్రొఫెసర్ డఫ్ ఎప్పుడూ అంటుంటాడు.

"ఆ ఇరవై మంది రక్తం తీసింది నువ్వేనా నాయనా?" అంది నెట్టీ స్టూలు లాక్కుని.

"నేనేనండీ. ఈస్టర్‌కు ముందు వారం తీశాను."

"ఎవరు వాళ్ళంతా?"

"రగ్బీ క్లబ్బువాళ్ళు కొందరు, చర్చిలో పాడేవాళ్ళు కొందరు. మా వీధిలో రొట్టెలమ్మే ఆవిడ, ఆవిడ కూతుళ్ళు. అందరూ గుండ్రాళ్ళలాంటి మనుషులు."

చెబుతూనే వంగి కాలిపిక్క బరబరా గోక్కున్నాడు. రెండో కాలు కూడా గోక్కున్నాడు.

"దోమలా?"

"కాదండీ, కొత్త సబ్బుపొడి పడలేదు."

"చిక్కావు కూడాను. ఆ బెల్టుకు కొత్త బెజ్జం నువ్వే పొడిచినట్టున్నావు."

"సైకిల్ పందెం ఉందండీ. తొక్కుడు ఎక్కువైంది."

"శుక్రవారం బీరుకు అందరితో పాటు వెళ్ళట్లేదని విన్నాను. పందెం కోసమేనా?"

ఫెర్గస్ ఇబ్బందిగా నవ్వాడు. "అదేంటోనండీ, రెండు గుక్కలు పడితే చాలు, భుజం ఒకటే పీకుడు. అందుకే మానేశాను" అంటూ ఎడమ భుజం తడుముకున్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట! నెట్టీకి లోపల నవ్వొచ్చింది. బీరు పడితే పీకేది భుజం కాదు, మనస్సాక్షి అనుకుంది. రెండు గ్లాసులు దిగితే ఎక్కడ నోరు జారుతుందోనని భయం.

"కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోవట్లేదా?"

"పడుకుంటే చెమటలు పట్టి మెలకువ వచ్చేస్తోందండీ. కిటికీలన్నీ తీసి పెట్టినా అంతే."

"ఊఁ. సేలా సంగతి తలుచుకునా?"

ఆ పేరు వినగానే కుర్రాడు మళ్ళీ నేల చూశాడు. "ఆవిడే నాకు పని నేర్పారు. మా అమ్మ తిట్టినదానికంటే ఎక్కువ తిట్టారు, అంతకంటే ఎక్కువ అన్నం పెట్టారు."

"అయితే నీకు తెలిసింది చెప్పు."

"నాకేం తెలీదండీ!"

ఆ జవాబు అడిగీ అడగకముందే వచ్చింది. నెట్టీ లేచి, అతని వీపు మీద మెల్లగా తట్టి, సేలా గదికి వెళ్ళింది.

"పెట్టెలు సర్దడం ఆపు. నాకు ఫ్రీజర్లు చూపించు."

"ఏం చూస్తావు అక్కడ? మంచు తప్ప ఏమీ ఉండదు" అంది సేలా నీరసంగా. ఆరడుగుల మనిషి, నిలువెత్తు దుఃఖంలా లేచింది.

"మంచే చూస్తాను. పద."

గ్రాంట్ కూడా వెంటబడ్డాడు. నెట్టీ ఏదైనా దొరకబుచ్చుకుంటుందేమోనని భయమో, దొరకకపోతే నవ్వుదామనో, మొత్తానికి వదల్లేదు.

ఫ్రీజర్ల గదిలో బీరువాలంత ఫ్రీజర్లు రెండు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో రోగుల రక్తం, రెండోదాంట్లో ఆ ఇరవై మందిది. రక్తంలోంచి ఎర్రటి కణాలు తీసేస్తే మిగిలే పలచటి పసుపు ద్రవం, ప్లాస్మా, దాన్ని బొటనవేలంత గొట్టాల్లో పోసి గడ్డకట్టిస్తారు. నెట్టీ ముందు రెండో ఫ్రీజర్ నెత్తిన ఉన్న గంటను చూసింది. దాని నోరంతా ప్లాస్టర్ పట్టీలతో మూసేసి ఉంది.

"ఇదేమిటి?"

సేలా సిగ్గుపడింది. "తలుపు తెరిచి ఉంటే మోగుతుంది. మూసి ఉన్నా మోగుతుంది. ఎవరో విసుగెత్తి అంటించారు. హాయిగా ఉందని అందరం ఊరుకున్నాం."

"చదువుకున్న వెర్రి వెయ్యి విధాలు" అని నెట్టీ తలుపు తెరిచింది. అడుగు అరలో వంగి చూసి, పక్క ఫ్రీజర్‌లో చూసి, మళ్ళీ ఇందులో చూసింది. "అందులో మంచు పిండి చల్లినట్టుంది. ఇందులో కింద అద్దం పరిచినట్టు పలక కట్టింది. ఎందుకు?"

"ఎందుకేమిటి? ఫ్రీజర్ కాబట్టి" అన్నాడు గ్రాంట్.

"నీ ఇంట్లో ఫ్రిజ్ ఎప్పుడైనా నువ్వు తుడిచావా గ్రాంట్? లేదు కదా. తుడిచినవాళ్ళను అడుగు. మంచు కరిగి, నీళ్ళై కారి, మళ్ళీ గడ్డకడితేనే ఇలా అద్దమవుతుంది. ఈ తలుపు చాలాసేపు తెరిచి ఉంది. గంట మోగలేదు, మీరు దాని నోరు కట్టేశారు కనుక."

ఆ పలకలో ఒక మూల నీలంరంగు ప్లాస్టిక్ ముక్క చిక్కుకుని ఉంది. నెట్టీ పెన్నుతో గీకి చూసింది. విహారానికి వెళ్ళేవాళ్ళు పానీయాలు చల్లగా ఉండటానికి డబ్బాల్లో పెట్టుకునే ఐస్ ప్యాక్ తాలూకు చివర అది.

"చెత్త" అన్నాడు గ్రాంట్.

"ఔను, చెత్తే. రక్తం దాచే ఫ్రీజర్‌లో పిక్నిక్ చెత్త. ఇప్పుడు సేలా, ఆ ఇరవై గొట్టాలూ బయటికి తియ్. రోగులవి కూడా ఒక ఇరవై తియ్. పక్కపక్కన పెట్టు."

సేలా చేతితొడుగులు వేసుకుని రెండు వరసలూ పేర్చింది. పైనున్న పొగమంచు తుడిచింది. నెట్టీ లైటు కిందికి వంగింది. రోగుల వరసలో ఏ గొట్టం ఇంకో గొట్టంలా లేదు. ఒకటి ఎండుగడ్డి రంగు, ఒకటి తేనె రంగు, ఒకటి పాలు కలిపినట్టు, ఒకటి లేత ఆకుపచ్చ.

"వీటికిన్ని రంగులేమిటి?"

"తిన్న తిండి, వేసుకున్న మందులు" అంది సేలా. "వెన్న దట్టించినవాడిది పాలలా ఉంటుంది. పిల్లలు వద్దని మాత్రలు వేసుకునే ఆడవాళ్ళది ఒక్కోసారి ఆకుపచ్చగా తేలుతుంది. ఏ ఇద్దరిదీ ఒకేలా..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆమె కళ్ళు రెండో వరస మీద పడ్డాయి. ఇరవై గొట్టాలూ ఒకే రంగు. పసుపు కాదు. పండిన నారింజ.

"రగ్బీ ఆటగాళ్ళు, చర్చి గాయకులు, రొట్టెలావిడ, ఆవిడ కూతుళ్ళు" అంది నెట్టీ. "చర్చి పండగకు ఇరవై ఇళ్ళవాళ్ళు చీజ్ రోల్స్ చేసి తెస్తారు సేలా. ఒకరిది మాడుతుంది, ఒకరిది ఉప్పగా ఉంటుంది. ఇరవై పళ్ళాలూ ఒకే రుచి ఉంటే నేనేం అనుకోవాలి? ఒకే వంటింట్లో చేశారనుకోవాలి."

"నేను చూడలేదు" అంది సేలా తల పట్టుకుని. "దేవుడా! గొట్టాలు యంత్రంలో పెట్టాను, అంకె చూశాను. అంకె చూసి ఏడ్చాను, అంకె చూసి తిట్టుకున్నాను. ఒక్కసారి గొట్టం వైపు చూడలేదు. మేం ఎవరం చూడం నెట్టీ, మాకు అంకె వస్తే చాలు!"

గ్రాంట్ కూడా వంగి చూశాడు. అతని మెడ దగ్గర టై కాస్త వదులైంది. "ఇరవై గొట్టాల్లోనూ ఒకే మనిషి రక్తమంటారా? ఎవరిది?"

"ఇంత నారింజరంగు రావాలంటే ఆ మనిషి రోజూ ఏం తాగాలి?" అంది నెట్టీ.

సేలా ఒక్క క్షణం బిత్తరపోయి చూసింది. ఆ తర్వాత నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూనే "వాణ్ణి చంపేస్తాను!" అని కేకపెట్టి తలుపు తోసుకుని వెళ్ళింది.

మూడింటిదాకా ఆగే ఓపిక ఎవరికీ లేకపోయింది. ప్రొఫెసర్ డఫ్ గదిలో, పుట్టినరోజు కార్డుల మధ్య, ఫెర్గస్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నెట్టీ నీలం ప్లాస్టిక్ ముక్కను బల్లమీద పెట్టగానే ఆనకట్ట తెగినట్టు చెప్పేశాడు.

ఈస్టర్ సెలవలకు స్నేహితులతో సైకిళ్ళ మీద సరస్సు దగ్గరికి వెళ్ళాలి. పెట్టకూడదని తెలిసీ ఆ ఫ్రీజర్‌లో ఐస్ ప్యాకులు పెట్టుకున్నాడు. వెళ్ళే హడావిడిలో వాటిని పీక్కుని పరిగెత్తాడు, తలుపు పడిందో లేదో చూడలేదు. సెలవలయ్యాక అందరికంటే ముందు వచ్చి చూస్తే లోపలంతా నీళ్ళు, ఇరవై గొట్టాల్లోని రక్తమూ పాడైపోయింది.

"ఇరవై మందినీ మళ్ళీ బతిమాలాలి. ఈవిడకు మొహం చూపించాలి" అన్నాడు సేలా వైపు చూడకుండా. "మన దగ్గర మంచి రక్తం కావాలంటే ఎవరైనా ఏం చేస్తారు? పక్కవాడి చెయ్యి పట్టుకుని సూది గుచ్చుతారు. ఇక్కడ గుచ్చని చెయ్యి ఏదీ? నేనూ నా చెయ్యే గుచ్చుకున్నాను. ఒకేసారి తీసి ఇరవై గొట్టాల్లో పోశాను. ఆరోగ్యం ఎవరిదైతేనేం, ఆరోగ్యమేగా అనుకున్నాను."

"మరి అన్నీ అరవైలు వచ్చినప్పుడైనా నోరు విప్పొద్దురా?" అని సేలా అరిచింది. కిటికీ అద్దాలు అదిరాయి. "నన్ను దొంగంటుంటే నీ జాడీ కావలించుకుని కూర్చున్నావా?"

"పరీక్షే పనికిరాదనుకున్నానండీ. ఎవరి రక్తం పోసినా అంతే వచ్చేది కదా అనుకున్నాను. ఇక చెప్పి ఏం లాభం, ఇద్దరి ఉద్యోగాలూ పోవడం తప్ప. మూడింటికి చెబుదామనే ఉన్నాను. నిజంగానే ఉన్నాను." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ చివరి మాట నెట్టీ నమ్మింది.

ప్రొఫెసర్ డఫ్ అతన్ని టీ గదిలో కూర్చోమని పంపేశాడు. తలుపు పడగానే గదిలో గాలి మారిపోయింది. సేలా నెట్టీని పట్టుకుని నేలమీంచి ఎత్తేసింది. ఇరవై తప్పులు కావు, ఒక్కటే తప్పు! పరీక్ష ఓడిపోలేదు, అసలు జరగనే లేదు. రొట్టెలావిడ దగ్గరికి తనే వెళ్ళి బతిమాలుతుంది, రక్తం తీసుకుంటుంది, మొత్తం మళ్ళీ చేస్తుంది. ప్రొఫెసర్ ఫోను తీసి కమిటీని రద్దు చేశాడు.

"నన్ను దించు తల్లీ, నడుం పట్టేస్తుంది" అని నవ్వి, నెట్టీ గ్రాంట్ వైపు తిరిగింది. "ఏమయ్యా, సిడ్నీ కంపెనీ ఏమంటోంది?"

గ్రాంట్ సూటు సర్దుకున్నాడు. ఓడిపోయినా నిటారుగా నిలబడి ఓడిపోయే మనిషని ఒప్పుకోవాలి. "డాక్టర్ మఫిలేఓ మోసం చేయలేదు. అదే రాస్తాను. తొందరపడ్డాను, క్షమించండి" అన్నాడు. తలుపు దగ్గరికి వెళ్ళి, అలవాటు చావక మళ్ళీ వెనక్కి తిరిగాడు. "ఒక్క ప్రశ్న మిగిలింది. ఇరవై కాదు, ఒక్కటే అన్నారు. సరే. కాని ఆ ఒక్కటీ తప్పే కదా? దుక్కలాంటి మనిషి రక్తంలో మీ పరీక్ష జబ్బుందని చెప్పింది. ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లూ అదే చెప్పింది. ఎందుకని?"

నెట్టీ చురకంటించబోయి సేలా ముఖం చూసి ఆగింది.

"ఎలుకలతో పనిచేసేవాళ్ళ రక్తం ఒక్కోసారి ఇలాంటి పరీక్షల్ని ఏమారుస్తుంది" అంది సేలా నెమ్మదిగా.

"ఫెర్గస్‌కు ఎలుకంటే చచ్చేంత భయం. కనబడితే కుర్చీ ఎక్కుతాడు" అన్నాడు ప్రొఫెసర్.

"ఫ్లూ వచ్చినవాళ్ళమీద చేశాను. క్షయ ఉన్నవాళ్ళమీద, కీళ్ళవాతం ఉన్నవాళ్ళమీద చేశాను. లేని జబ్బును ఉందని ఇది ఒక్కనాడూ అనలేదు." సేలా కుర్చీలో కూలబడింది. "నెట్టీ, పొద్దున వాడు నీతో ఏమేం అన్నాడు? మాటకు మాట చెప్పు."

"ఏముంది, దొంగ చూపులు చూశాడు. కాళ్ళు గోక్కున్నాడు. రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయన్నాడు. చిక్కిపోయాడు, బెల్టుకు కొత్త బెజ్జం పొడిచాడు. బీరు మానేశాడట, రెండు గుక్కలు పడితే భుజం..." నెట్టీ తల ఎత్తింది. "సేలా, ఏమిటలా చూస్తావు?"

"బీరు తాగితే భుజం నొప్పన్నాడా? వాడి నోటితో వాడే అన్నాడా?"

"అన్నాడు."

"లింఫోమా ఉన్నవాళ్ళలో నూటికి ఏ ఒకరికో ఇద్దరికో వస్తుంది ఆ నొప్పి. మందు చుక్క పడగానే గ్రంథుల దగ్గర పీకుతుంది. వైద్యం చదివిన ప్రతివాడికీ మొదటి ఏడే చెబుతారు, ఎవరికీ ఎదురుపడదు గనక అందరూ మరిచిపోతారు." ఆమె లేచి నిలబడింది. "పరీక్ష తప్పు చెప్పలేదు గ్రాంట్."

నెట్టీకి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. ఇన్నేళ్ళు మనుషుల ముఖాలు చదివిన మనిషి. చెమట చూసి నేరమనుకుంది, దురద చూసి భయమనుకుంది, భుజం తడుముకుంటే సామెత గుర్తుచేసుకుని లోలోపల నవ్వుకుంది. ఆ కుర్రాడు తన జబ్బును వరసపెట్టి అప్పజెబుతుంటే, తను అందులో దొంగను వెతుక్కుంది.

"నయమవుతుందా?" అని అడిగింది.

"ముందే దొరికితే చాలామందికి నయమవుతుంది. ముందే దొరకాలనేగా ఈ తొమ్మిదేళ్ళూ నేను చచ్చింది" అని సేలా తలుపు తీసింది.

నడవలో ముందు సేలా, వెనక నెట్టీ, ఆ వెనక ప్రొఫెసర్ డఫ్ నడిచారు. గ్రాంట్ కూడా వచ్చాడు, అతన్నెవరూ వద్దనలేదు. టీ గదిలో ఫెర్గస్ చొక్కా చేతులు మడుచుకుని, అందరి ఎంగిలి కప్పులూ కడిగి బోర్లిస్తున్నాడు. నలుగురూ ఒకేసారి గుమ్మంలో కనబడేసరికి తడి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"నా అర ఖాళీ చెయ్యమంటారా?" అన్నాడు.

"నోరు మూసుకుని కూర్చో" అంది సేలా. ఆమె తిట్టు ఎప్పటిలాగే ఉంది గాని గొంతు ఎప్పటిలా లేదు. "పై బొత్తాం తియ్."

"ఉరి తీస్తారా ఏంటి?" అని అతను నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి బొత్తాం తీసి, బుద్ధిగా కుర్చీలో కూర్చున్నాడు.

సేలా వెనక నిలబడి రెండు చేతులూ అతని మెడ మీద ఆనించింది. వేళ్ళు దవడ కింది నుంచి మెల్లగా దిగాయి. కుడివైపు దిగి, ఎడమవైపు దిగి, ఎడమ భుజం ఎముకకు కాస్త పైన ఆగాయి. ఆగిన చోటే ఉండిపోయాయి. నెట్టీ ఆమె కళ్ళలోకి చూసింది. సేలా తల ఊపింది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంది ఫెర్గస్?"

"ఏది?" అన్నాడు ఫెర్గస్.